గాడిద ఆట సాక్ష్యం

వినోద్ కుమార్ నోరు మంచిదని జమ్మలమడుగులో ఎవరినడిగినా చెబుతారు. ప్రైవేటు బడిలో సోషల్ చెప్పే ఆ అయ్యవారు ఏదైనా యుద్ధం గురించి మొదలుపెడితే గంట కొట్టినా పిల్లలు లేవరు. చేతి సంగతి మాత్రం అడగొద్దు. ఆ చేతికి గోడకు మేకు కొట్టడం రాదు, ఊడిన బల్బు మార్చడం రాదు, వీడియో గేమ్ ఆడటం అసలే రాదు. మొదటి రెండూ వీధి వీధంతా ఎరిగినవే. మూడోది మాత్రం లోకంలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి అతని భార్య ప్రసన్నకుమారి.

రాకపోతే రాలేదు, అదేం నేరం కాదు. కానీ ఈ పెద్దమనిషి ప్రతి నెలా రెండో ఆదివారం మధ్యాహ్నం ప్రొద్దుటూరుకు పోయి, తను ఆడుతున్న ఆట గురించి ముగ్గురి ముందు నిలబడి సాక్ష్యం చెప్పి వచ్చేవాడు.

ఆ ముగ్గురూ ఎవరంటే, మిద్దెపైన గదీ, గోడంత టీవీ, గేమ్ మిషనూ ఉన్న కౌండిన్య ఒకడు. పురోహితుల ఇంటి పిల్లాడు, బ్యాంకులో క్లర్కు. వాడి చెల్లెలు సింధూ, బీఈడీ చదువుతోంది. మూడో ఆమె తస్లీమా, పులివెందులలో మందుల షాపు నడుపుతూ నెలకొక ఆదివారం బస్సెక్కి వచ్చేది. ఈ వయసులో ఇంకా ఆటలేందని ఇళ్ళలో తిట్టించుకునేవాళ్ళు కనుక, తిట్టని చోటు ఒకటి కావలసి కలిశారు. ఎవరు ఏ ఆట ఆడుతున్నారు, ఎందాకా వచ్చారు, ఆడుతుంటే ఏమనిపించింది, ఇవే మాటలు, మధ్యలో బోండాలూ టీ.

చర్చిలో సాక్ష్యం చెప్పినట్లు లేచి నిలబడి చెబుదామన్న పద్ధతి పెట్టింది వినోదే. దేవుడు తనకేం చేశాడో మనిషి లేచి పదిమందిలో చెప్పుకోవడం సాక్ష్యం. దానికున్న కట్టుబాటు ఒక్కటే, తనకు జరిగిందే చెప్పాలి. పక్కింటామెకు జ్వరం తగ్గితే నాకే తగ్గిందని చెబితే ఆ మనిషి మళ్ళీ సంఘంలో తలెత్తలేదు. ఈ సంగతి వినోద్ వివరించి చెబితే పురోహితుల పిల్లలకూ తస్లీమాకూ తెగ నచ్చేసింది. టీవీ పైన చార్టు అంటించారు. "చేత్తో ఆడిందే చెప్పాల. ఎవరి సాక్ష్యం వారిదే." స్కెచ్ పెన్నుతో గుండ్రంగా రాసింది కూడా వినోదే. ఎంత గుండె ధైర్యమో చూడండి!

అసలు కథ ఇంట్లో వేరే ఉంది. మూడేళ్ళ కిందట వినోద్ సెకండ్ హ్యాండులో మిషను కొన్నాడు. ఏ ఆట పెట్టినా అరగంటలో చచ్చిపోయేవాడు. పది సార్లు చచ్చాక కంట్రోలరును మంచం మీదికి విసిరేసి, ఆట తయారుచేసినవాణ్ణి తిట్టి, బజారుకు పోయేవాడు. ప్రసన్న నర్సింగ్ హోములో స్టాఫ్ నర్సు. నైట్ డ్యూటీ వారాల్లో పగలంతా ఇంట్లో ఉండేది. ఒకనాడు మంచం సర్దుతూ ఆ కంట్రోలరు చేతిలోకి తీసుకుంది. ఆడింది. చచ్చింది. మళ్ళీ ఆడింది. సూది గుచ్చడానికి నరం వెతికే వేళ్ళు కదా, వాటికి ఓపిక ఎక్కువ. నెల తిరగకుండా ఆట అయిపోయింది.

సాయంత్రం అతను బడినుంచి వచ్చాక ఉల్లిగడ్డలు తరుగుతూ చెప్పేది. ఆ కోటలో ముసలి కాపలావాడు ఎందుకు అట్లా నవ్వాడో, వాన పడే ఊళ్ళో తనకెందుకు భయమేసిందో. వినోద్ గడప మీద కూర్చుని వినేవాడు. ఒప్పుకోవాల్సిందే, ఆ మనిషి వినడంలోనూ దిట్టే. కళ్ళార్పకుండా, ఆమె ఏ మాట ఎట్లా అన్నదో పెదాలు కదుపుతూ మనసులో పెట్టుకునేవాడు. తన మాట అంత ఇదిగా వినే మొగుడు ఎంతమందికి దొరుకుతాడని ప్రసన్న మురిసిపోయేది.

ఏడాది తర్వాత ఒకరోజు అతని ఫోనులో కౌండిన్య పంపిన వాయిస్ మెసేజీ మోగింది. "అన్నా, నువ్వు చెప్పిన ఆ కాపలా ముసలాయన మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనీలే అన్నా! నువ్వు ఆట ఆడేది కాదు, ఆటలో కాపురం చేస్తాండావు." ప్రసన్న విన్నది. కోపం రావాలి కదా? రాలేదు. పైగా సంబరపడింది, తన మాట ప్రొద్దుటూరు దాకా పోయిందని. పిచ్చి మొహం! అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తుంటే అత్త చప్పట్లు కొట్టినట్లుంది ఆమె వరస.

అట్లా ఇంకో రెండేళ్ళు జరిగిపోయాయి. వినోద్ సాక్ష్యం లేనిదే కూటమి లేదన్నంత పేరు వచ్చింది. సింధూ అయితే "అన్న చెప్పినాక ఇంగ ఆట ఆడే పనే లేదు" అనేది.

తర్వాత గాడిద ఆట వచ్చింది.

కౌండిన్య బెంగుళూరునుంచి పాత డిస్కులు ఒక సంచెడు తెప్పిస్తే అందులో ఇదొకటి. పేరు బెల్ అండ్ సాల్ట్. అట్ట మీద గాడిద బొమ్మ చూసి అక్కడ ఎవరూ ముట్టుకోలేదు. వినోద్ ఇంటికి తెచ్చాడు. కాల్పులు లేవు, కత్తులు లేవు. ఆడేవాడొక ఉప్పు బేరగాడు. ఒక కంచరగాడిద, దాని మెడకు తాడు, చేతిలో ఒక గంట. పన్నెండు కొండలు దాటి ఉప్పు మూటలు చేర్చాలి. మొదటి వాగు దగ్గరే సగంమంది మానేస్తారనుకుంటా. గాడిద నీళ్ళకు బెదిరి మొండికేస్తుంది. తాడు లాగేకొద్దీ కూలబడుతుంది. మరీ లాగితే జారి వాగులో పడుతుంది, ఉప్పంతా కరిగిపోతుంది, ఆట మళ్ళీ మొదటికి వస్తుంది. వినోద్ ఒక్క పూట లాగి వదిలేశాడు. ప్రసన్న నాలుగు రోజులు లాగింది. ఐదోనాడు నైట్ డ్యూటీ చేసి వచ్చి కూర్చుంటే కునుకు పట్టి వేలు బటన్ మీదినుంచి జారింది. తాడు వదులైంది. గాడిద లేచి నిలబడి, దానంతటది నీళ్ళలో కాలు పెట్టింది. కిటుకు అంతే. తాడు వదిలిపెట్టి, గంట ఒక్కసారి మోగించి, ఊరుకోవాలి. ఈ సంగతి మాత్రం ఆమె వినోద్‌కు చెప్పలేదు. దాచాలని కాదు. అది వేళ్ళకు తెలిసిన సంగతి, నోటిదాకా రానే లేదు.

నెలన్నర ఆడింది. ఒక సాయంత్రం తరుగుతున్న కత్తి పక్కన పెట్టేసి, "అది గుడ్డిదప్పా," అంది.

"ఏంది గుడ్డిది?"

"గాడిద. ఆట యాడా చెప్పదు. మనమే కనిపెట్టాల. ఇంతకు ముందు దాని నీడ చూసి అదే బెదిరేది. ఏడో కొండకాడ బెదరలే. మాట వింటాంది, మంచిదైపోయింది అనుకుంటి. తర్వాత చూస్తే గంట మోగితేనే అడుగేస్తాంది. ఎప్పుడో చూపు పోయింది దానికి. నేనేమో మెచ్చుకుంటా పోతాండా."

అంటూనే ఆమె ఏడ్చేసింది. ఆ ఏడుపు గాడిదకోసం కాదు.

ప్రసన్న నాయన పాలయ్య సింహాద్రిపురం పక్క పల్లెలో సేద్యగాడు. ముప్పై ఏళ్ళు చర్చిలో ఆదివారం వాక్యపాఠం చదివింది ఆయనే. ఆ చదువు ఆయనకు కిరీటం లాంటిది. కళ్ళలో చూపు తగ్గుతుంటే చెబితే ఆ చదువు పోతుందని ఎవరికీ చెప్పలేదు. పాఠాలు కంఠతా పెట్టుకున్నాడు. భార్య రత్నమణి హవాయి చెప్పుల టపటప వింటూ వెనకే నడిచేవాడు. నర్సు అయిన కూతురు నెలనెలా పోయి, "మా నాయన చూడు, ఈ వయసులో మా యమ్మను ఇడిసి అడుగు తీసి అడుగు పెట్టడు" అని నవ్వుకునేది. ఒక ఆదివారం పాస్టరు అయ్యగారు ఉన్నట్టుండి పాఠం మార్చారు. పాలయ్య పుస్తకం తెరిచి, వరసల మీద వేలు పెట్టి, కంఠతా వచ్చిన పాత పాఠమే గట్టిగా చదివాడు. పుస్తకం తలకిందులుగా ఉంది. ముందు కుర్రకారు నవ్వారు, తర్వాత అందరూ. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆయనా నవ్వాడు. ఆ వారం ఊరికి వచ్చి పాటల బృందంలో నిలబడి ఉన్న ప్రసన్న కూడా నవ్వింది. అర్థమయ్యే లోపలే నవ్వేసింది. ఆ నవ్వు నాయన విన్నాడు, కూతురు గొంతు ఆయనకు తెలియదా? ఆ తర్వాత ఆయన చర్చికి రాలేదు. పోయిన ఏడు చచ్చిపోయాడు.

ఇదంతా ఆమె మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం మళ్ళీ మొదటినుంచి చెప్పింది. చెప్పి, ముక్కు చీది, పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఒకటి అడిగింది.

"ఈ ఒక్కటి నేనే చెప్తా అప్పా. సింధూ ఎప్పటినుంచో రమ్మంటాంది కదా. నాకు నలుగుర్లో లేచి చెప్పుకోవాలని ఉంది, నేనూ నవ్వినానని. చెప్పుకుంటే కొంచెం దిగుతాదేమో. నువ్వు ఇది మాత్రం చెప్పద్దు."

"నీది నువ్వు చెప్పుకో మే, నన్నడిగేదేముంది," అన్నాడు వినోద్. అని, చాలాసేపు గడప మీదే కూర్చున్నాడు.

ఆ కూర్చోవడంలో అతనికి ఏం తోచిందో చెప్పనక్కర్లేదు. ఈమె నోరు తెరిచిన మరుక్షణం ఆ ముగ్గురికీ తెలిసిపోతుంది, మూడేళ్ళుగా తాము విన్న గొంతు ఎవరిదో.

రెండో ఆదివారం వచ్చింది. ప్రసన్న మందుల కంపెనీ వాళ్ళిచ్చిన చిన్న ప్యాడు మీద ఎనిమిది వరసలు రాసుకుంది. ఆఖరి వరస, "నేను కూడా నవ్వినా." ఆరాధన అయ్యాక నీలం చీర కట్టుకుని, తిరిగి ఇచ్చేయాల్సిన గాడిద డిస్కు వినోద్ సంచిలో పెట్టి, బస్సెక్కింది. శనగ చేలు దాటుతున్నంతసేపూ ప్యాడు తీసి చదువుకుంటూనే ఉంది. వినోద్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మిద్దెపైన గదిలో అందరూ ఆమెను బాగానే కూర్చోబెట్టారు. సింధూ పక్కన చోటిచ్చి, "వదినా, అన్న మాదిరి నువ్వు గూడా మాటకారివేనా?" అంది. ప్రసన్న సిగ్గుపడి నవ్వింది. వరసగా తస్లీమా మొదలుపెట్టాలి. వినోద్ లేచి నిలబడ్డాడు.

"నాకు తలకాయ నొస్తాంది, ముందు నాది చెప్పేస్తా. నేనిప్పుడు ఆడతాండేది కౌండిన్య ఇచ్చిన గాడిద ఆట."

హాస్యమాడుతున్నాడనుకుంది ప్రసన్న. నవ్వబోయింది కూడా. అతను ఆమె వైపు చూడలేదు.

చెప్పాడు. పన్నెండు కొండలూ చెప్పాడు. గంట చెప్పాడు. నీడ చూసి బెదరడం మానేసిన గాడిదను చెప్పి, "నేనేమో మెచ్చుకుంటా పోతాండా," అని ఆగాడు. ఆమె ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే ఆగాడు, పాపాత్ముడు! తస్లీమా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మా మామ పాలయ్య అని ఉండె," అన్నాడు.

ప్రసన్న చేతిలో ప్యాడు నలిగింది. అతను హవాయి చెప్పుల చప్పుడూ వదల్లేదు, తలకిందులు పుస్తకమూ వదల్లేదు. "చర్చి చర్చంతా నవ్విరి. కన్న కూతుర్లు, కొడుకులు, అందరూ. నేను ఒక్కణ్ణే నవ్వలే. ఆ దినం పోయి ఆయన చెయ్యి పట్టుకుని దించుకొస్తి. ఈ ఆటలో ఆ గాడిద తాడు పట్టుకున్నప్పుడంతా నాకు ఆ చెయ్యే గుర్తుకొస్తాది."

ఆ ఆదివారం వినోద్ చర్చిలోనే లేడు. ఎవరిదో పెళ్ళికని కమలాపురం పోయి ఉన్నాడు.

సింధూ ముక్కు తుడుచుకుంది. కౌండిన్య లేచి వచ్చి అన్న భుజం తట్టాడు. తస్లీమా తన సాక్ష్యం ఇంకో నెల చెబుతానంది, దీని తర్వాత ఏం చెప్పినా నిలబడదని. "వదినా, ఇంగ నువ్వు," అన్నారు.

లేవకుండా ఉండాల్సింది. నేనైతే లేచేదాన్ని కాను. కానీ నెలరోజులుగా ఆ ఎనిమిది వరసలూ కడుపులో మోస్తున్న మనిషి, వేరే ఏం చెప్పడానికీ ఆమె దగ్గర లేదు. లేచి ప్యాడు చూసుకుంటూ మొదలుపెట్టింది. "నేను ఆడతాండేది గాడిద ఆట. ఏడో కొండకాడ అది నీడను చూసి బెదరడం మానేసింది..."

కౌండిన్య పకపకా నవ్వాడు. "వదినా, అన్న సాక్ష్యం అన్నకే అప్పజెప్తాండావే!"

"రాసుకొని గూడా వచ్చింది చూడు, పాపం," అంది సింధూ. ప్యాడు లాక్కుని పై రెండు వరసలు చూసి తిరిగి ఇచ్చేస్తూ, "అవే మాటలన్నా! బట్టీ పట్టించినావా ఏంది?"

ప్రసన్న మొగుడి వైపు చూసింది. ఇప్పుడైనా ఒక్క మాట అంటాడని. అన్నాడు.

"ఇంట్లో నేను చెప్తాంటా కదా, చెవిన పడింటాది. మా యామెకు ఆట ఏం తెలుసప్పా! స్టవ్వు లైటర్ తప్ప ఇంగేదీ నొక్కలే ఆ చేత్తో."

అందరూ నవ్వారు. తస్లీమా చార్టు వైపు వేలు చూపించి, "ఎవరి సాక్ష్యం వారిదే అక్కా," అంది మెత్తగా, పసిపిల్లకు చెప్పినట్లు. ఆ మెత్తదనం కంటే ఒక దెబ్బ కొట్టినా బాగుండేది.

ప్రసన్న కూర్చోలేదు. సంచిలోంచి డిస్కు తీసి కౌండిన్య చేతిలో పెట్టింది.

"ఇది పెట్టు నాయనా. మీ అన్న పన్నెండు కొండలు దాటినాడు కదా. మొదటి వాగు దాటిచ్చమను. నాకు చూడాలని ఉంది."

"ఇప్పుడెందుకు మే, తలకాయ నొస్తాందంటే..." అన్నాడు వినోద్. తేలు కుట్టిన దొంగ మొహం అయింది.

"రెండు నిమిషాల పని కదన్నా," అన్నాడు కౌండిన్య. వాడికి ఇంకా ఏ అనుమానమూ లేదు. ఆ గొప్ప ఆట చూడాలన్న ఉబలాటం, అంతే.

గోడంత టీవీలో గాడిద వాగు ఒడ్డున నిలబడింది. వినోద్ తాడు లాగాడు. గాడిద కూలబడింది. మళ్ళీ లాగాడు. జారి వాగులో పడింది. ఉప్పు కరిగిపోయింది. "మీ కంట్రోలరు కొత్త కదా," అన్నాడు. రెండోసారి పడింది. మూడోసారి. నాలుగోసారికి సింధూ కిసుక్కుమంది. ఐదోసారికి తస్లీమా చార్టు వైపు చూసింది. ఆరోసారికి కౌండిన్య అడిగాడు, మెల్లగా, "అన్నా, నువ్వు ఈ ఆట ఆడినావా?"

"చెయ్యి తిమ్మిరెక్కిందబ్బా."

"మరి ఆ కోట ఆట? ఆ వాన ఊరు? అవి గూడా తిమ్మిరితోనే ఆడినావా?"

అంతే, కట్ట తెగింది. ఎన్ని మాటలన్నారో లెక్కలేదు. చార్టు పీకి అతని ఒళ్ళో పెట్టారు. గట్టిగా చదవమన్నారు. "చేత్తో ఆడిందే చెప్పాల," చదివించారు. ఇంకోసారి చదివించారు. తస్లీమా ఫోను తీసి వీడియో పట్టింది. "పడింది! పడింది!" అని ప్రతి పాటుకూ సింధూ చప్పట్లు. వినోద్ చెవులు ఎర్రబడి, చెమట కారుతూ, ఇంకా లాగుతూనే ఉన్నాడు. వదిలేస్తే ఓడినట్లని లాగుతున్నాడు. ప్రసన్న చూస్తూనే ఉంది. దాచేదేముంది, ఆమెకు హాయిగా ఉంది. నాయన మీద పడిన నవ్వు ఇన్నాళ్ళకు పడాల్సినవాడి మీద పడింది అనుకుంది.

చివరికి అతను కంట్రోలరు కింద పెట్టేశాడు. ప్రసన్న తీసుకుంది. నేల మీదే కూర్చుని, తాడు వదిలేసి, గంట ఒక్కసారి మోగించి ఊరుకుంది. గాడిద లేచింది. నీళ్ళలో కాలు పెట్టింది. ఒక్క రాయి కూడా తప్పకుండా వాగు దాటి అవతలి ఒడ్డున నిలబడి ఒళ్ళు దులుపుకుంది. ప్రసన్న వెనక్కి తిరిగింది.

ముగ్గురూ తస్లీమా ఫోను మీద వంగి వీడియో చూస్తున్నారు.

"దాటింది," అంది ప్రసన్న.

"శానా బాగా ఆడినావు వదినా," అంది సింధూ తల ఎత్తకుండా. తర్వాత ఏదో గుర్తొచ్చి పొట్ట పట్టుకుంది. "ఓ యమ్మా! నేను ఆ గుడ్డి ముసిలాయన కోసరం ఏడిస్తి కదప్పా! పుస్తకం తలకిందులంట! ఏమి కట్టినావన్నా కథ!"

"చెప్పుల సప్పుడంట!" అన్నాడు కౌండిన్య. లేచి కళ్ళు మూసుకుని, చేతులు ముందుకు చాచి, చెల్లెలి వెనక తడుముకుంటూ రెండడుగులు నడిచాడు. "టపటప! యాడుండావే రత్తమ్మా!" తస్లీమా మంచం మీద పడి దొర్లింది.

"అది నిజం," అంది ప్రసన్న.

ఎవరికీ వినపడలేదు.

"అది నిజమప్పా. ఆయన మా నాయన. ఆ దినం చర్చిలో నేను..."

"ఊరుకో వదినా," కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు కౌండిన్య. "అన్నను ఇరికిచ్చిందే నువ్వు, ఇప్పుడు మళ్ళీ అన్న పక్కకే పోతాండావా? ఈ మొగుడూ పెండ్లాలను నమ్మగూడదు సామీ!"

మళ్ళీ నవ్వు. అబద్ధాలకోరని ఆమే నిరూపించిన మనిషి నోట వచ్చిన మాట కదా, ఇంక దాన్ని నిజమని ఎవరు నమ్ముతారు? ఆమె ఇంకొక్కసారి నోరు తెరిచింది. కౌండిన్య అప్పుడే రెండోసారి గుడ్డి నడక మొదలుపెట్టాడు. ఆ నడకకు నవ్వని మనిషి గదిలో ఇద్దరే. ఒకరు ప్రసన్న. రెండోవాడు, అవమానంతో నల్లబడి కూర్చున్న వినోద్.

బోండాలు వచ్చాయి, టీ వచ్చింది. ఆ ఆట గురించి ఆమెను ఎవరూ అడగలేదు. పన్నెండో కొండ దాకా పోయిన మనిషి ఆ గదిలో ఉందని ఎవరికీ గుర్తు లేదు. వెళ్ళేటప్పుడు కౌండిన్య ఆ డిస్కును మళ్ళీ వినోద్ సంచిలోకే తోశాడు. "వచ్చే నెల ఈ వాగు దాటిచ్చి చూపియ్యాల అన్నా, మా అందరి ముందరా. అప్పుడే నీకు సాక్ష్యం చెప్పే హక్కు." మెట్ల మీదినుంచి సింధూ అరిచింది. "వదినా, అన్నను తప్పకుండా పంపియ్యి. ఇంత నవ్వి ఎన్నేండ్లయిందో!"

పొద్దు గుంకుతుండగా బస్సు కదిలింది. ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. సింధూ ఆమెను పొద్దున్నే గ్రూపులో చేర్చింది మరి. తస్లీమా పంపిన వీడియో. ప్రసన్న చూసింది. గాడిద పడటం, నవ్వు, గాడిద పడటం, నవ్వు, చివర్లో కౌండిన్య గుడ్డి నడక. ఆ నవ్వుల అడుగున సన్నగా తన గొంతు "అది నిజం" అనడం ఆమెకు వినపడింది. ఆ మాట మీదే వీడియో తెగిపోయింది. ఫోను ఒళ్ళో పెట్టుకుని, ప్యాడులోంచి ఆ కాగితం చింపి, నాలుగు ముక్కలు చేసి కిటికీలోంచి వదిలేసింది.

వినోద్ తిడతాడనుకుంది. ఆమె కూడా తిట్టడానికి సిద్ధంగానే ఉంది. తిట్టుకుంటే బాగుండేది కూడా. ఊరి దీపాలు కనిపిస్తుండగా అతను గొంతు సవరించుకున్నాడు. రోజూ గడప మీద కూర్చుని అడిగే గొంతే అది, బుద్ధిమంతుడి గొంతు.

"ప్రసన్నా, ఆ వాగు ఎట్లా దాటియ్యాల?"

ఆమె అతని మొహం చూసింది. నిజంగానే అడుగుతున్నాడు. వచ్చే నెల రెండో ఆదివారం మళ్ళీ పోయి, ఆ ముగ్గురి ముందరా గెలిచి రావాలని అడుగుతున్నాడు. మూడేళ్ళ అలవాటు కొద్దీ ఆమె వేలు చీర కుచ్చిళ్ళ మీద బటన్ వదిలినట్లు కదిలింది. ఆ వేలిని పిడికిట్లో మూసేసుకుంది.

"లాగాల," అంది. "నువ్వు గట్టిగా లాగలే అప్పా. అది కూలబడినప్పుడే ఇంగా గట్టిగా లాగాల. పడినా ఇడిసిపెట్టగూడదు."

వినోద్ తల ఊపాడు. ఆమె ఏ మాట ఎట్లా అన్నదో ఎప్పటిలాగే పెదాలు కదుపుతూ మనసులో పెట్టుకున్నాడు.